పాళెగాండ్ర కాలపు వీరుల కట్టుబట్టలు, ఆయుధములు

మన ప్రాంతపు పాఠశాలల వార్షికోత్సవములందు కట్టబొమ్మ నాటకము ప్రదర్శింపబడని యేడు అరుదు. ఆ నాటకమున నాయకపాత్ర ధరించు బాలునకు మనము తొడుగు వేషమెట్టిది? జరీ యంచుల మఖమలు అంగీ, తళతళలాడు కిరీటము, మోకాళ్ళవరకు బూట్లు, చేత వెండిరంగు పూసిన అట్టకత్తి. ప్రేక్షకులు సంతోషింతురు, తల్లులు దిష్టి తీయుదురు. దానిని మేము తప్పు పట్టము. నాటకమునకు కొంత తళుకు కావలసినదే. అయితే ఆ వేషమునే చరిత్రమని నమ్మి యెదుగు పిల్లవాడు తన యూరి పొలములందు, తన తాతముత్తాతలవంటి మనుష్యులు, తన యింటి కొట్టమునందలి పనిముట్లకు చుట్టములవంటి ఆయుధములతో చేసిన యుద్ధమును గుర్తింపలేకపోవుచున్నాడు. ఆ వీరులలో పెక్కండ్రు ఇంట తెలుగు మాటాడినవారు. వారు కట్టిన బట్ట యేది, పట్టిన ఆయుధమేది, అది యెట్లు పనిచేసెడిది అను విషయమును విద్యార్థులకు వివరింపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట వారెవరో చెప్పవలెను. మధుర నాయకరాజ్యమును స్థాపించిన విశ్వనాథ నాయకుడు తన దళవాయియగు అరియనాథ మొదలియారి సాయముతో పదునారవ శతాబ్దమున దేశమును 72 పాళెములుగా విభజించెనని ప్రసిద్ధి. మధుర కోటకు 72 బురుజులుండగా, ఒక్కొక్క బురుజు కావలి నొక్కొక్క పాళెగాని కప్పగించిరని చెప్పుదురు. పాళెగాడు తన సీమలో పన్ను వసూలు చేసి, అందొక భాగమును రాజునకు చెల్లించి, మిగిలినదానితో సైన్యమును పోషింపవలెను. రాజు పిలిచినపుడు ఆ సైన్యముతో పోయి నిలువవలెను. స్థూలముగా చెప్పినచో, తిరునెల్వేలి సీమలో పడమటి కొండలవైపు పాళెములు మరవర్లవి. తూర్పున నల్లరేగడి నేలలందలి పాళెములు తెలుగు నాయకులవి. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురము, నాగలాపురము, కాడల్‌గుడి, కుళత్తూరు మొదలైనవి యీ రెండవ తెగలోనివి. తిరుత్తంగల్‌నుండి దక్షిణముగా సాత్తూరు, కోవిల్‌పట్టి దాటి పోయినచో మనము నడచునది ఆ పాళెముల మీదుగనే.

పాంచాలంకురిచ్చి వంశము రాజకంబళ నాయకులది. గెట్టి బొమ్ము అను తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మన్ అయినదని పెద్దలు చెప్పుదురు. కంపెనీవారికి కప్పము కట్టు విషయమున వచ్చిన తగవు 1798 సెప్టెంబరులో రామనాథపురమున నెత్తుటి గొడవగా ముదిరి, 1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోటపై వచ్చుటకు దారితీసెను. ఆ యేడు అక్టోబరు 16వ తేదీన కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మను చింతచెట్టునకు ఉరితీసిరి. అతని తమ్ముడు ఊమైదొర 1801 ఫిబ్రవరి 2వ తేదీన పాళయంకోట చెఱనుండి తప్పించుకొని వచ్చి మరల కోట కట్టి పోరాడెను. ఇచట ఒక సంగతిని దాచరాదు. కంపెనీ పక్షమున నిలిచి పాంచాలంకురిచ్చివారిని తరిమిన ఎట్టయాపురమువారును తెలుగువారే. కావున మేము చెప్పబోవు తలపాగయు బల్లెమును రెండు పక్షములందును ఉండినవి. అటుపక్క వెలమ నాయకుల సీమలందును, తొండమాను పాళెమునందును, మరవ సీమయందును గూడ వేషములో పెద్ద భేదము లేకుండెను.

నేటి పిల్లల కండ్లలో నిలిచిన వేషము ఎచటినుండి వచ్చినదో తెలిసికొనుట కష్టము కాదు. 1959లో బి. ఆర్. పంతులు దర్శకత్వమున ‘వీరపాండియ కట్టబొమ్మన్’ అను తమిళ చలనచిత్రము వెలువడినది. అందు నటించిన శివాజీ గణేశన్‌కు 1960లో కైరో నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమ నటుని బహుమతి లభించెను. ఆ చిత్రములోని యుద్ధదృశ్యములను రాజస్థానములోని జయపురమున తీసిరి. అచటి గుఱ్ఱములు, అచటి దుస్తులు, అచటి ఠీవి తెరపైకి వచ్చి మన మనస్సులలో పాంచాలంకురిచ్చిగా నిలిచిపోయినవి. చిత్రము గొప్పదే, సంభాషణలు మాకును కంఠస్థములే. కాని నల్లరేగడిలో చిత్తకార్తె వానకు మోకాటిలోతు బురద దిగుననియు, ఆ నేలపై మఖమలు అంగీతో పరుగెత్తుట దుర్లభమనియు ఇచటి రైతుబిడ్డకు వేరుగ చెప్పనక్కఱలేదు.

మరి నిజమైన వేషమును దేనినిబట్టి తెలిసికొందుము? మూడు విధముల సాక్ష్యములు కలవు. మొదటివి నాయకరాజుల కాలపు శిల్పములు, చిత్రములు. రెండవవి ఆ యుద్ధములలో పాల్గొన్న కంపెనీ యధికారుల వ్రాతలు; అందు జేమ్స్ వెల్ష్ అను సైనికోద్యోగి 1830లో ప్రకటించిన జ్ఞాపకములు ముఖ్యములు. తిరునెల్వేలి చరిత్రమును 1881లో ప్రకటించిన బిషప్ కాల్డ్‌వెల్ వీటిని విరివిగా వాడుకొనెను. మూడవవి మన యూళ్ళ పొలిమేరలందలి దేవతల బొమ్మలు. వీటిని ఎవరును సాక్ష్యముగా ఎంచరు. కరుప్పస్వామి గుడికి పోయి చూడుడు. తలకు పాగ, మెలితిరిగిన మీసము, తొడలవరకు బిగిసిన చల్లడము, నడుమునకు దట్టీ, కాళ్ళకు చెప్పులు, చేత వేటకొడవలి. రాజుల వేషములు మారినను, పూజలో నిలిచిన కావలివాని వేషము మారలేదు. ప్రతి తరమునందును కుమ్మరి పాత బొమ్మను చూచియే క్రొత్త బొమ్మను చేసెను.

నాయకరాజుల శిల్పములకై దూరము పోనక్కఱలేదు. మధుర మీనాక్షి గుడి ఎదుటనున్న పుదుమండపమున తిరుమల నాయకుడును (1623–1659) ఆయన పూర్వులును స్తంభములపై నిలిచియున్నారు. రాజులయ్యును వారి రొమ్ముపై అంగీ లేదు. హారములు మాత్రమే కలవు. నడుమునకు పూలపనిగల వస్త్రము, దానిపై బిగించిన దట్టీ, అందు దోపిన బాకు, తలపై ఒక పక్కకు ఒరిగిన మెత్తని టోపి. అంతకు ముందటి విజయనగర వేషమునకు కుళ్ళాయి గుర్తు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహమునకు నిలువెత్తు కుళ్ళాయి కలదు. లేపాక్షి చిత్రములలోని సామంతులును అట్టివే ధరించిరి. తెలుగు సీమనుండి దక్షిణమునకు వచ్చినకొలది కుళ్ళాయి పొట్టిదై, తుదకు పాళెగాండ్ర నాటికి తలపాగకు చోటిచ్చినది. ఎండ కాయు దేశమున పాగ సుఖము. దానిని విప్పినచో పడుకొనుటకు పరుపు, నీరు తోడుటకు త్రాడు, గాయమునకు కట్టు.

సామాన్యుడగు సిపాయి కట్టినది ముతక నూలుబట్ట. కోవిల్‌పట్టి సీమ నాడును నేడును ప్రత్తిపండు నేల. ఇంట వడికిన నూలును ఊరి మగ్గముపై నేయించిన పంచెను కాసెగా వెనుకకు దోపి, తొడలు కదలుటకు వీలుగ పైకి బిగించెడివారు. ఆ పంచె పైని నాలుగైదు చుట్లు తిరుగు దట్టీయే సిపాయికి కవచమువంటిది. బరువెత్తునపుడు నడుము పట్టునట్లు నేటికిని మన కళాసులు తువాలు చుట్టుకొందురు కదా. ఆ పనియే అదియు చేసెడిది. అందే కటారి, అందే గుండ్ల సంచి, అందే ఆకువక్కల తిత్తి. పైదేహమునకు బట్ట ఉండెడిది కాదు. ఇనుప కవచములు రాజుల ఆయుధశాలలలో నుండవచ్చును గాని, ఎండలో కంపచెట్ల నడుమ పరుగులు తీయువానికి అవి బరువు చేటు.

కంబళిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. రాజకంబళమను పేరులోనే అది కలదు. గొఱ్ఱెలు, పసులు మేపు జనులకు కంబళి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. అంతేకాదు. కులపంచాయతి జరుగునపుడు నేలపై కంబళి పఱచి, దానిపై కలశముంచి, తొమ్మిది కంబళములకు చెందిన ప్రతినిధులు కూర్చుండెడివారని ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఆ తొమ్మిదింటిలో నాయకులతోపాటు ఉరుమి వాయించువారును, కుమ్మరులును, మంగలులును, తోలుపనివారును కలరు. అనగా పాళెపు సైన్యమునకు కావలసిన చేతిపనులన్నియు ఆ యొక్క కంబళిపై కూర్చుండెడివి. బట్టకు ఇంతటి గౌరవము మేము మరియొక చోట వినలేదు.

తోలుపనివారి మాట వచ్చినది కనుక దానిని ముగింతము. డాలునకు తోలు, కత్తి ఒరకు తోలు, చెప్పులకు తోలు, మందుగుండు తడియకుండుటకు తోలుసంచి. ఇవి చేసిన అరుంధతీయులు మన జిల్లాలలో నేటికిని ఇంట తెలుగే మాటాడుదురు. వారు చేసి యిచ్చుటతో ఊరకుండక యుద్ధమునకును పోయిరి. నెఱ్కట్టుంసేవల్ పాళెగాడగు పులిదేవర కొలువున సేనాపతియై పోరాడెనని ప్రసిద్ధి కెక్కిన ఒండివీరన్ ఆ కులమువాడే. పాళయంకోటలో ఆయనకు స్మారకమండపము కలదు. 2022లో తపాలాబిళ్ళయు వెలువడినది. నాటకములు వ్రాయువారు ఆయనకొక పాత్ర నిచ్చిన బాగుండును.

ఇక ఆయుధములు. వాని పేర్లను ముందుగా వినుడు. మన బల్లెము తమిళమున వల్లయం, మన ఈటె ఈట్టి, కేడెము కేడయం, కటారి కట్టారి, తుపాకి తుప్పాక్కి. కడపటిది తురుష్క భాషనుండి ఉభయులకును వచ్చినది. ఒకే కమ్మరి కొలిమి ముందు ఇరుభాషలవారును నిలుచుండినపుడు పేర్లు వేఱుగ నుండుట యెట్లు?

వీనిలో మొదట చెప్పదగినది బల్లెము. కత్తిని గాని తుపాకిని గాని మొదట చెప్పుదుమని చదువరులు అనుకొని యుందురు. కాని కంపెనీ సైన్యమును నిలువరించినది పొడవాటి బల్లెమే. పాంచాలంకురిచ్చివారి బల్లెములు 18 మొదలు 20 అడుగుల పొడవుండెనని వెల్ష్ వ్రాసెను. తరగతి గది గోడ ప్రక్క కొలిచి చూడుడు. గది యీ కొననుండి ఆ కొనవరకు వచ్చును. పొడవైన కఱ్ఱ, దాని చివర ఇనుప మొన. ఇంతియే. తయారుచేయుటకు గొప్ప శిల్పి యక్కఱలేదు. ఏ యూరి కమ్మరియైనను ఒక పూటలో కొన్ని మొనలు సాగగొట్టగలడు. కంపెనీ సిపాయి తుపాకికి బాయొనెట్టు తగిలించినను దాని పొడవు ఆరడుగులకు కొంచెము మించును. మూడురెట్లు పొడవుగల బల్లెమును దాటి అతడు దగ్గరకు వచ్చుట యెట్లు? తుపాకి ఒకసారి ప్రేలిన తరువాత మరల గట్టించువరకు అదియును ఒక కఱ్ఱయే.

కాని యింత పొడవు బల్లెమునకు ఒక లోపము కలదు. బయలులో ఒంటరిగ పట్టినవాడు దానిని త్రిప్పలేడు. శత్రువు ఒక ప్రక్కకు తప్పుకొన్నచో వ్యర్థము. పదిమంది కలసి వరుసగ నిలిచినపుడో, శత్రువు ఒకే దారిన రావలసి వచ్చినపుడో దాని బలము తెలియును. పాంచాలంకురిచ్చివారు కోటను ఆ బల్లెమునకు తగినట్లు కట్టిరి. మా దృష్టిలో ఆ యుద్ధమంతటిలోను మెచ్చదగిన బుద్ధికుశలత యిదియే.

1799లో కోటను కంపెనీవారు నేలమట్టము చేసియుండిరి. 1801 ఫిబ్రవరి 2న ఊమైదొర తప్పించుకొనెను. వారము దినములకు కోలిన్ మెకాలే సైన్యముతో వచ్చి చూచుసరికి గోడలు మరల లేచియున్నవి. అది రాతికోట కాదు. మన నల్లరేగడి మట్టితో మెత్తినది. సుమారు 500 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పు. గోడ యెత్తు 12 అడుగులు మాత్రమే. చుట్టును దట్టమైన ముండ్లకంప. చూచువారికి పసులదొడ్డివలె నుండును. ఫిరంగి గుండు రాతిగోడకు తగిలినచో రాయి పగిలి దొర్లును. ఈ జిగురుమట్టిలో గుండు దిగి కూర్చుండును. మార్చి 31వ తేదీన గోడకు గండి కొట్టి, సిపాయిలును యూరోపియను సైనికులును ఎక్కిరి. గండి కొనకు చేరినవాడు చేరినట్లే పడిపోయెను. పొడిచినవాడెవడును కనబడలేదు. బురుజుల లోపలిభాగము గుల్లగ నుండి, అందు దిగువను నిలిచిన బల్లెగాండ్రు మొనలు పైకెత్తి పట్టుకొనియుండిరి. వెనుక ఎత్తు తావులనుండి తుపాకులవారు కాల్చుచుండిరి. ఎక్కిన యూరోపియనులలో సగముకంటె ఎక్కువమంది చచ్చియో గాయపడియో పడిరి. ఈ రహస్యము కోట పట్టుబడిన తరువాత లోపలికి పోయి చూచినపుడు గాని కంపెనీవారికి బోధపడలేదు. అంతవరకు దాదాపు ఎనిమిది వారములు వారు బయటనే వేచియుండిరి.

తుపాకులు పాళెగాండ్రకును ఉండినవి; అయితే అవి జామగి తుపాకులు. జామగి యనగా సురేకారపు నీట నానబెట్టి ఆరబెట్టిన త్రాడు. దానిని ముట్టించినచో మంట లేకుండ మెల్లగా రాజుకొనుచుండును. తుపాకి మీట నొక్కినచో ఆ నిప్పుకొన వంగి పళ్ళెములోని మందును తాకును. అది లోపలి మందును అంటించును. కంపెనీవారివి చెకుముకి తుపాకులు. వానికి రాజు త్రాడక్కఱలేదు, మీట నొక్కగనే చెకుముకిరాయి ఉక్కును కొట్టి నిప్పు రాల్చును. జామగి తుపాకి నెమ్మదిది, రాత్రివేళ నిప్పుకొన దూరమునకు కనబడును, వానలో ఆరిపోవును. అయినను గొట్టము పొడవుగ నుండుటచేత, గోడ వెనుక నిలకడగ గురిచూచువానికి అది అనుకూలము. ఊరి కమ్మరి దానిని బాగుచేయగలడు. చెకుముకి మీట విఱిగినచో దొరల కార్ఖానానుండి రావలసినదే. ఇక మందు సంగతి మన విద్యార్థులకు వేఱుగ చెప్పుట కొల్లనిముచ్చెలు కొల్లనికే చూపినట్లగును. సురేకారము, గంధకము, బొగ్గుపొడి. శివకాశికి కూతవేటు దూరమున పుట్టినవారికి ఆ వాసన తెలియనిది కాదు.

విదేశపు వస్తువును తెచ్చుకొని తమ పద్ధతికి తగినట్లు వాడుకొనుట ఆ శతాబ్దపు యోధులలో ఇతరత్రను కనబడును. ఉత్తర అమెరికా ఈశాన్యభాగపు అడవులలో అబెనాకి అను ఆదిమజాతి కలదు. ఇంగ్లీషువారు వారి నేలను ఆక్రమించుచుండగా వారు ఫ్రెంచివారితో చేయి కలిపి పోరాడిరి. 1704 ఫిబ్రవరి 29వ తేదీన డీర్‌ఫీల్డ్ అను ఇంగ్లీషు గ్రామముపై జరిగిన దాడిలో వారును ఉండిరి. పూర్వము జింకతోలు తొడుగులు, జింకతోలు మెత్తని చెప్పులు, విల్లమ్ములు, చెట్టువేరు ముడితో చెక్కిన గుండుతల గద వారి సొత్తు. వర్తకులు వచ్చిన తరువాత ఉన్ని దుప్పట్లు, ఇనుప గొడ్డళ్ళు, తుపాకులు చేరినవి. అయినను మంచుమీద దిగబడకుండ నడచు వెడల్పాటి అల్లిక చెప్పులను వారు విడువలేదు. ఆ చెప్పులే నడిచలికాలమున వారిని శత్రువు వాకిటికి చేర్చినవి. వారికి మంచు ఎట్టిదో మనవారికి నల్లరేగడి అట్టిది. విదేశపు తుపాకిని ఇరువురును తెచ్చుకొనిరి. నేలను మాత్రము తమకు తెలిసినట్లే వాడుకొనిరి.

వలరిని గూర్చి కొందఱు విద్యార్థులు అడుగుచుందురు. అది నెలవంక వలె వంగిన విసరుడు కఱ్ఱ. కఱ్ఱతోను ఇనుముతోను చేయుదురు. ఒక కొన బరువుగ నుండును. కుందేటిని, జింకను కాళ్ళకు కొట్టి పడవేయుటకు పుట్టిన వేట పనిముట్టు. తెలుగు నాయకులకంటె కళ్ళర్లును, మరవర్లును, శివగంగ సీమవారును దీనిలో ఆరితేరినవారు. శివగంగ చిన్నమరుదు 1795 ప్రాంతమున తనకు ఈటె విసరుటను, వలరి వేయుటను నేర్పెనని వెల్ష్ వ్రాసికొనెను. నేర్పినవానికి ఎదురుగ ఆఱేండ్లకే యుద్ధమునకు పోవలసివచ్చెను. 1801 అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీసిరి. దంతముతో చేసిన వలరులు తంజావూరు ఆయుధశాలనుండి మద్రాసు మ్యూజియమునకు చేరినవి. దంతపు వలరి వేటకు కాదు, వేడుకకు.

కత్తి, డాలు, కటారి అందఱికిని తెలిసినవే కనుక వానిపై కాలము వెచ్చింపము. ఒక్క మాట మాత్రము. కత్తి ఖరీదైనది, దానిని నాయకులును వారి దగ్గరివారును పట్టిరి. సామాన్యుని నడుమున నుండినది వేటకొడవలియే. పొద్దున కంపను నఱుకును, మధ్యాహ్నము కొబ్బరికాయను కొట్టును, అవసరమైనచో యుద్ధమునకు వచ్చును.

1801 మే 24వ తేదీన కల్నల్ అగ్న్యూ పెద్ద ఫిరంగులతో గోడను కూల్చి కోటను పట్టుకొనెను. లోపలివారు చెదరక, బల్లెగాండ్రను చుట్టును వరుసలుగ నిలిపి, నడుమ తక్కినవారితో మైదానమునకు వెడలిరి. గోడ చాటున అజేయమైన బల్లెము అచట గుఱ్ఱపుదండునకును ఫిరంగులకును చాలలేదు. ఊమైదొరను ఆ యేడు నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనే ఉరితీసిరి. కోట మట్టిని దున్ని ఆముదము చల్లిరని జనులు చెప్పుకొందురు. నేడక్కడ మనము చూచునది 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారకకోట. విహారయాత్రకు పోవు విద్యార్థులు దాని రాతిగోడలు చూచి అసలు కోటయు ఇట్లే యుండెనని తలపకుందురు గాక.

యుద్ధము ముగిసినను కంపెనీవారు ఆ బల్లెములను మఱవలేదు. 1801 డిసెంబరు 1వ తేదీన మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు, దక్షిణ సీమల పాళెగాండ్రును, సేర్వైకారులును, ప్రజలును ఆయుధములు పట్టరాదని ప్రకటన వెలువరించెను. కోటలు కూల్చబడినవి; మిగిలిన పాళెగాండ్రు జమీందారులైరి. కొలిమిలో బల్లెపు మొనలు సాగగొట్టిన కమ్మరి కఱ్ఱులును పారలును మాత్రమే చేయవలసివచ్చెను. ఆయుధము పోయిన తరువాత వేషమును మార్చుటకు అధికారులకు ధైర్యము కలిగినది. కంపెనీ సిపాయిలు బొట్టు పెట్టుకొనరాదనియు, గడ్డము గీయించుకొనవలెననియు, తోలుబిళ్ళగల టోపివంటి క్రొత్త తలపాగ ధరింపవలెననియు 1805 నవంబరులో ఆజ్ఞ వచ్చెను. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. తలపాగ యనగా తలకు చుట్టిన గుడ్డ మాత్రమే యని తలచిన దొరలు ఆ రాత్రి దానికెంత వెల యుండునో తెలిసికొనిరి. ఆ యాజ్ఞ ఆ యేడే రద్దయ్యెను.

ఇంతకును మిగిలినదేమి? వేటకొడవలి మిగిలినది, శివగంగ జిల్లా తిరుప్పాచ్చేట్టి కమ్మరుల పనితనము నేటికిని దానికి ప్రసిద్ధము. కరుప్పస్వామి చల్లడము మిగిలినది. జక్కమ్మ మిగిలినది, పాంచాలంకురిచ్చిలో ఏటేట ఆమెకు ఉత్సవము జరుగును. కొన్ని యిండ్లలో మాటలు మిగిలినవి. దట్టీ, చల్లడము, కాసె, కేడెము అను మాటలను మీ యింటి ముసలివారి యెదుట పలికి చూడుడు. వారు నవ్వి, మీరు వినని మరి నాలుగు మాటలు చెప్పుదురు. వానిని నోటుపుస్తకమున వ్రాసి తెచ్చినచో వచ్చే యేటి సంచికలో పేర్లతో ప్రకటింతుము.

దేవరాట్టము కూడ మిగిలినది. కోవిల్‌పట్టి సీమలోను, జమీన్ కోడంగిపట్టి మొదలగు నూళ్ళలోను రాజకంబళ నాయకులు పెండ్లిండ్లలోను జాతరలలోను ఆడు ఆట యిది. ఆడువారు వరుసలుగ నిలుతురు. తలకు పాగ, నడుమునకు బిగించిన గుడ్డ, కాలికి గజ్జెలు. పాట లేదు, దేవదుందుభి వాద్యము చెప్పినట్లు అడుగు వేయుటయే. ముందుకు నాలుగడుగులు, చప్పున వంగుట, వెనుకకు త్రిప్పుట, మరల వరుస చెదరకుండ ముందుకు. ఇది యుద్ధము నుండి వచ్చిన ఆటయని ఆడువారు చెప్పుదురు. పొడవాటి బల్లెము పట్టినవారు వరుస తప్పరాదను సంగతి తెలిసినవారికి ఆ మాట నమ్మదగినదిగనే తోచును. ఇప్పుడు వారి చేతులలో నుండునవి రెండు జేబురుమాళ్ళు.